తిరగబెట్టే జబ్బు, మానని పొగ: బ్లాడర్ క్యాన్సర్‌లో సిగరెట్ లెక్క

"నలభై ఏళ్లు తాగాను. రావాల్సింది వచ్చింది, తియ్యాల్సింది తీశారు. ఇప్పుడు మానేస్తే ఏం లాభంరా?"

ఆపరేషన్ అయిన మూడో రోజు మా పెదనాన్న అన్న మాట ఇది. మూత్రసంచిలో గడ్డ. బయాప్సీ రిపోర్టులో 'హై గ్రేడ్, కండరంలోకి పోలేదు' అని ఉంది. హై గ్రేడ్ అంటే దూకుడుగా పెరిగే రకం. ఆ ప్రశ్నకి పెద్దమ్మకు కోపం వచ్చింది, నాకు జవాబు రాలేదు. మానేస్తే మంచిదని ఎవరైనా చెబుతారు. ఆయన అడిగింది ఎంత మంచిది, ఎందుకు, ఎప్పటికి అని. వ్యాపారం చేసిన మనిషి, లాభం ఎంతో తేలకుండా దేనికీ ఒప్పుకోరు. ఆ లెక్క కోసం చదువుతూ పోతే, ఆసుపత్రి గోడల మీద పోస్టర్లు చెప్పినంత సూటిగా ఏమీ దొరకలేదు. దొరికినదేమో వాటి కంటే ఆసక్తిగా ఉంది.

ముందు ఈ జబ్బు స్వభావం గురించి. మూత్రసంచి లోపలి గోడకు ఒక పల్చటి పొర ఉంటుంది. క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఆ పొరలోనే మొదలవుతుంది. కొత్తగా బయటపడే కేసుల్లో నూటికి 70 నుంచి 75 ఆ పైపైనే ఉంటాయి, కింది కండరంలోకి దిగి ఉండవు. అలాంటప్పుడు పొట్ట కోయకుండా మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి గడ్డను గీకి తీసేస్తారు. డాక్టర్లు టీయూఆర్‌బీటీ అనేది దీన్నే. 'కండరంలోకి పోలేదు' అనగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. ఆ వెంటనే డాక్టరు రెండో మాట చెబుతారు: ఇది తిరగబెట్టే జబ్బు.

ఎంతగా తిరగబెడుతుందంటే, 2006లో ఈఓఆర్‌టీసీ అనే యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఏడు ట్రయల్స్‌లోని 2,596 మంది వివరాలు కలిపి ఒక పట్టిక తయారుచేసింది. దాని ప్రకారం మొదటి ఏడాదిలోనే తిరగబెట్టే అవకాశం బాగా తేలిక రకానికి 15 శాతం, బాగా ముదురు రకానికి 61 శాతం. అయిదేళ్లకు చూస్తే 31 నుంచి 78 శాతం. అంటే అన్నిటికంటే మెత్తటి రకంలో కూడా పదిమందిలో ముగ్గురికి మళ్లీ వస్తోంది. అందుకే స్కోపీల వరస. ముప్పు ఎక్కువున్న వారికి మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. అయిదేళ్లలో పద్నాలుగు సార్లు కెమెరా గొట్టం వేయించుకోవాలి. ఒక్కసారి వేయించుకున్నవాళ్లకి ఆ అంకె విలువ తెలుస్తుంది.

ఆ పట్టికలో ఆరు ప్రశ్నలుంటాయి. గడ్డలు ఎన్ని? ఎంత పెద్దవి? ఇంతకు ముందు ఎన్నిసార్లు వచ్చాయి? ఎంత లోతుకు దిగాయి? గ్రేడ్ ఎంత? పక్కన 'సీఐఎస్' అనే చదునైన, మొండి రకం కూడా ఉందా? అంతే. పొగ తాగుతారా అన్న ప్రశ్న వాటిలో లేదు. ఈ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకే అని చెబుతూనే, తిరగబెట్టడాన్ని అంచనా వేసే పట్టికలో దాని పేరే లేకపోవడం నాకు మొదట వింతగా అనిపించింది. దీనికి జవాబు తర్వాత వస్తుంది.

ఊపిరితిత్తుల్లోకి పోయే పొగకి మూత్రసంచితో ఏం పని?

ఈ కథ సిగరెట్ దగ్గర కాదు, రంగుల దగ్గర మొదలైంది. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, బట్టల రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ కూలీల్లో మూత్రసంచి గడ్డలు వస్తున్నాయని గమనించి చెప్పాడు. ఆ రంగుల తయారీలో వాడే ఒక జాతి రసాయనాలను అరోమాటిక్ అమీన్లు అంటారు. 1938లో విల్‌హెల్మ్ హ్యూపర్ వాటిలో ఒకటైన 2-నాఫ్థైలమీన్‌ను కుక్కలకు పెట్టి, వాటి మూత్రసంచిలో క్యాన్సర్ పుట్టించి చూపించాడు. ఆ పని వదిలేసి వెళ్లిపోయిన కూలీలకు పదిహేను, ఇరవై ఏళ్లయ్యాక కూడా ఈ జబ్బు బయటపడింది. ఈ ఆలస్యం సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అదే 2-నాఫ్థైలమీన్, దానితోపాటు 4-అమైనోబైఫినైల్ అనే ఇంకొకటి, సిగరెట్ పొగలో ఉన్నాయి. పీల్చగానే రక్తంలో కలుస్తాయి, రక్తం వాటిని కాలేయానికి చేరుస్తుంది. కాలేయం వాటిని వదిలించుకునే ప్రయత్నంలో రెండు పనులు చేస్తుంది. ఒక ఎంజైమ్ వాటిని విషం చేస్తుంది, ఎన్ఏటీ2 అనే ఇంకో ఎంజైమ్ వాటి కోరలు పీకుతుంది. ఎవరిలో ఏది వేగంగా జరుగుతుందన్న దాన్ని బట్టి మిగతా కథ. కోరలు ఊడనివి కిడ్నీల గుండా మూత్రంలోకి దిగి, మూత్రసంచి పొరను ఆనుకుని గంటల తరబడి ఉండిపోతాయి. ఊపిరితిత్తుల్లో పొగ వచ్చి పోతుంది. మూత్రసంచిలో దాని సారం నిలవ ఉంటుంది.

ఎన్ఏటీ2 కొందరిలో చురుగ్గా, కొందరిలో మందంగా పనిచేస్తుంది. ఇది పుట్టుకతో వచ్చే తేడా. టీబీకి వాడే ఐసోనియాజిడ్ మాత్ర కొందరి ఒంట్లో త్వరగా, కొందరి ఒంట్లో నెమ్మదిగా ఖర్చయ్యేది ఈ తేడా వల్లే. మన దేశంలో సగానికి పైగా జనం మందకొడి బాపతే. 2005లో స్పెయిన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో, పొగ తాగేవారిలో ఎన్ఏటీ2 మందంగా ఉన్నవారికి బ్లాడర్ క్యాన్సర్ ముప్పు మరింత ఎక్కువని తేలింది. మా తాత రోజుకి నాలుగు కట్టలు కాల్చి తొంభై ఏళ్లు బతికాడు అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆ తాతకు దక్కిన ఎంజైమ్ మనవడికి దక్కిందో లేదో ఎవరు చూశారు?

చుట్ట గురించి ఒక మాట. మనవైపు చుట్టని 'సహజమైన పొగాకు, ఫ్యాక్టరీ సరుకు కాదు' అని వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. చుట్టకు వాడే గోదావరి లంక పొగాకును గాలికి ఆరబెడతారు. సిగరెట్లకు పోయే వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడి పెట్టి పదును చేస్తారు. ఇటలీ, స్పెయిన్ లాంటి చోట్ల గాలికి ఆరిన నల్ల పొగాకుతో చేసిన సిగరెట్లు తాగేవారిని, వర్జీనియా రకం తాగేవారిని పోల్చి చూస్తే, మూత్రసంచికి ఎక్కువ హాని చేసింది నల్ల పొగాకే. దానిలో అరోమాటిక్ అమీన్లు ఎక్కువ. కాబట్టి సహజం అన్న మాటకి ఇక్కడ అర్థం లేదు.

ఏడాదికి పద్దెనిమిది

2016లో 'సైన్స్' పత్రికలో ఒక అంచనా వచ్చింది. రోజుకో పెట్టె చొప్పున ఏడాది పాటు తాగితే ఏ అవయవంలో ఒక్కో కణానికి ఎన్ని జన్యు మార్పులు అదనంగా పడతాయో లెక్కగట్టారు. ఊపిరితిత్తుల్లో 150, స్వరపేటికలో 97, మూత్రసంచిలో 18, కాలేయంలో 6. పద్దెనిమిదేగా అనిపిస్తుంది. నలభై ఏళ్లతో గుణిస్తే 720. అదీ ఒక్కో కణంలో. మార్పుల్లో చాలావాటికి ఏ పనీ ఉండదు, అలా పడి ఉంటాయంతే. కానీ లక్షల కణాల్లో వందల చొప్పున రాళ్లు పడుతుంటే, ఎక్కడో ఒక రాయి తగలకూడని చోట తగులుతుంది.

ఈ మార్పుల్లో ఒక్కటి కూడా సిగరెట్ మానేసిన రోజున చెరిగిపోదు. మా పెదనాన్న ప్రశ్నలో బలం ఉన్నది ఇక్కడే. 'రావాల్సింది వచ్చింది' అనే మాట పూర్తిగా తప్పని అనలేం.

తిరగబెట్టడం ఎలా జరుగుతుందో చూస్తే ఇంకొంచెం విడమరుస్తుంది. పొలం చేసినవాళ్లకి తుంగ సంగతి చెప్పనక్కర్లేదు. పైన ఆకు పీకేస్తాం, చేను శుభ్రంగా కనిపిస్తుంది, మట్టిలో గడ్డలుంటాయి. వారం తిరిగేసరికి ఇంకో పక్క మొలుస్తుంది. క్యాన్సర్ వైద్యంలో ఈ పోలిక ఎప్పటి నుంచో ఉంది. 1953లో అమెరికాలో డి.పి. స్లాటర్ బృందం నోటి క్యాన్సర్లను పరిశీలించి, గడ్డ ఒక్కచోటే కనిపించినా చుట్టూ ఉన్న పొర అంతా అప్పటికే చెడి ఉంటుందని చెప్పింది. అలా చెడిన మేరను వాళ్లు చేను అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచారు. మూత్రసంచికి ఇది ఇంకా బాగా సరిపోతుంది. ఎందుకంటే కిడ్నీలో మూత్రం పోగయ్యే చోటు నుంచి కింద మూత్రనాళం దాకా దాదాపు అంతా ఒకే రకం పొర, అంతటినీ తడిపేది ఒకే మూత్రం.

1992లో డేవిడ్ సిడ్రాన్‌స్కీ బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. ఒకే మనిషి మూత్రసంచిలో వేర్వేరు చోట్ల ఉన్న గడ్డలను జన్యుపరంగా పోల్చి చూస్తే, అవన్నీ ఒకే తల్లి కణం సంతానమని తేలింది. అంటే అవి వేరువేరుగా పుట్టినవి కావు. తుంగ వేరు నేల కింద పాకినట్టు, చెడిన ఒక కణం పిల్లలు పొర వెంట పాకి, దూరంగా ఇంకోచోట తలెత్తాయన్నమాట.

వీటన్నిటినీ కలిపి చూస్తే గడ్డ మళ్లీ కనిపించడానికి నాలుగు దారులున్నాయి. గీకినప్పుడు కొంత మిగిలిపోవడం ఒకటి. గీకుతుండగా ఊడిన కణాలు మూత్రంలో తేలుతూ వెళ్లి ఇంకోచోట అంటుకోవడం రెండోది. ఆపరేషన్ అయిన 24 గంటల్లోపు మూత్రసంచిలోకి ఒక డోసు కీమో మందు ఎక్కించేది దీన్ని ఆపడానికే. అప్పటికే కంటికి కనిపించకుండా ఉన్న చెడిన మచ్చ పెద్దదవడం మూడోది. సరికొత్తగా ఇంకో కణం చెడిపోవడం నాలుగోది.

మొదటి రెండూ సర్జన్ చేతి పని, లేదా దురదృష్టం. ఆ రెంటిలో సిగరెట్ మానడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు. పొగ చెయ్యి ఆడేది ముఖ్యంగా చివరి రెండింట్లో. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండు దారుల్లోంచి, ఏళ్లు గడిచాక వచ్చేవి ఎక్కువగా చివరి రెండు దారుల్లోంచి వస్తాయని నిపుణుల అవగాహన. ఇది మనసులో పెట్టుకుంటే అధ్యయనాల మధ్య కనిపించే గందరగోళం చాలావరకు తేటపడుతుంది.

అధ్యయనాలు ఎందుకు ఒక్కమాట మీద లేవు

1999లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వాళ్లు 286 మంది రోగులను గమనించి, రోగం తెలిశాక కూడా తాగుతూనే ఉన్నవారికి జబ్బు త్వరగా తిరగబెడుతోందని చెప్పారు. 2013లో వేర్వేరు దేశాల ఆసుపత్రులు కలిసి 2,043 మంది వివరాలు ప్రచురించాయి. దానిలో కీలకం మొత్తం మోతాదు: రోజుకి ఎన్ని, ఎన్నేళ్లు. ఎక్కువ కాలం, ఎక్కువ తాగినవారికి అన్నిటికంటే గడ్డు ఫలితం. తక్కువ చొప్పున ఎక్కువ కాలం తాగినవారు ఆ తర్వాత. ఎక్కువ చొప్పున తక్కువ కాలం తాగినవారు వారికంటే నయం. అంటే రోజుకి ఎన్ని అన్నదాని కంటే ఎన్నేళ్లు అన్నదే బరువైనది. 'నేను రోజుకి రెండు మూడేనండీ' అనేవాళ్లు ఈ వరసను ఇంకోసారి చదవాలి.

అదే అధ్యయనంలో రోగం బయటపడేనాటికి మానేసి పదేళ్లు దాటినవారికి తిరగబెట్టే ముప్పు సుమారు మూడో వంతు తక్కువ. జబ్బు ముదిరి కండరంలోకి దిగే ముప్పు సగానికి పైగా తక్కువ. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షలో, ఇంకా తాగుతున్నవారికి తిరగబెట్టే ముప్పు ఎన్నడూ తాగనివారి కంటే పాతిక శాతం మేర ఎక్కువని, మానేసినవారికి అంతకంటే తక్కువని తేలింది.

ఇంతవరకు అన్నీ ఒకే దిక్కున ఉన్నాయి. చిక్కు ఇప్పుడొస్తుంది. నెదర్లాండ్స్‌లో వెయ్యి మందికి పైగా రోగులను ముందు నుంచీ వెంటాడి, 2023లో ఫలితాలు ప్రచురించారు. ఎన్నేళ్లు తాగారు, ఎన్ని పెట్టెలు తాగారు అన్నదాన్ని బట్టి తిరగబెట్టే ముప్పు పెరగడం వాళ్లకీ కనిపించింది. రోగం తెలిశాక మానేసినందువల్ల తిరగబెట్టడం తగ్గినట్టు మాత్రం ఆధారం దొరకలేదు.

ఇది చదివినప్పుడు నాకు కొంచెం నీరసం వచ్చింది. పెదనాన్నే గెలిచాడనుకున్నాను. నిదానంగా ఆలోచిస్తే అలా కాదు.

పదేళ్ల ముందు మానేసిన మనిషిని, రోగం తెలిసిన మర్నాడు మానేసిన మనిషిని ఒకే గాటన కట్టకూడదు. మొదటివాడి పొరకు పదేళ్ల విశ్రాంతి దొరికింది. రెండోవాడు ఆసుపత్రి గేటు దగ్గర ఆఖరి సిగరెట్ పడేసి లోపలికొచ్చాడు. ఏ ఫారంలోనైనా ఇద్దరి పక్కనా 'మానేశారు' అనే టిక్కే ఉంటుంది. పైగా మొదటి రెండు మూడేళ్లలో తిరగబెట్టేవాటిలో చాలావరకు ఆపరేషన్ నాటికే లోపల ఉన్నవి. తుంగ గడ్డలు మట్టిలో ఉండగా ఈ రోజు ఎరువు ఆపేస్తే వచ్చేవారం మొలకలు తగ్గవు. రంగుల ఫ్యాక్టరీ కూలీలకు పని మానేసిన ఇరవై ఏళ్లకు జబ్బు వచ్చినట్టే, హాని ఆలస్యంగా బయటపడుతుంది, మేలూ ఆలస్యంగానే కనబడుతుంది. రెండు మూడేళ్ల పరిశీలనలో మేలు కనిపించకపోతే మేలు లేదని అర్థం కాదు. తూకం వేసే సమయం రాలేదు, అంతే.

ఇంకో మెలిక ఉంది, ఇది కొంచెం సూక్ష్మం. ఈ అధ్యయనాలన్నీ అప్పటికే రోగం ఉన్నవారి మధ్య పోలికలు. బస్సు తప్పిపోయినవాళ్లను మాత్రమే స్టాండులో నిలబెట్టి, ఆలస్యంగా లేవడం వల్ల నష్టమెంత అని అడిగితే ఏం తేలుతుంది? పెందలాడే లేచి కూడా బస్సు తప్పినవాడికి సైకిల్ పంక్చరయిందో, పిల్లాడికి జ్వరమొచ్చిందో, ఏదో గట్టి కారణమే ఉంటుంది. అలాగే ఎన్నడూ తాగకుండా ఈ జబ్బు తెచ్చుకున్నవారికి వేరే బలమైన కారణం ఏదో ఉండి ఉంటుంది. వాళ్లతో పోల్చినప్పుడు పొగరాయుళ్ల ముప్పు ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు పట్టిక సంగతి. దానిలో పొగ గురించి ఎందుకు లేదని అడిగాను కదా. ఎక్కువగా తాగినవారి గడ్డలు తరచుగా పెద్దవిగా, ఒకటికి మించి, హై గ్రేడ్‌లో ఉంటాయి. పట్టికలోని ప్రశ్నలు అవే! పొగ తన సంతకాన్ని ఆ గడులలోనే పెట్టేసి పోయింది. గడ్డ సైజు, సంఖ్య, గ్రేడ్ అన్నీ పక్కకు తీసేసి, మిగిలిన దానిలో పొగ ప్రభావమెంత అని అడిగితే, చేసిన హానిలో పెద్ద ముక్కను ముందే తీసి దాచేసినట్టవుతుంది. చాలా అధ్యయనాల్లో పొగ ప్రభావం చిన్నదిగా తేలడానికి ఇదొక కారణమని నేననుకుంటున్నాను.

దాచుకుని తాగేవాళ్ల గోల సరేసరి. మానేశారా అని అడిగితే డాక్టరు ముందు ఎవరు కాదంటారు? మూత్రంలో నికోటిన్ ఆనవాళ్లు పరీక్ష చేయకుండా నోటిమాట మీద రాసుకున్న 'మానేశారు'లలో కొన్ని బాత్రూమ్ కిటికీలోంచి బయటకి పోతుంటాయి.

బీసీజీ మాటేమిటి?

ముప్పు ఎక్కువున్న రోగులకు గడ్డ తీశాక బీసీజీ ఎక్కిస్తారు. పసిపిల్లలకు టీబీ రాకుండా వేసే బీసీజీయే. దాన్ని మూత్రసంచిలోకి పంపితే అక్కడి రోగనిరోధక కణాలు రెచ్చిపోయి క్యాన్సర్ కణాల మీద పడతాయి. 1976లో కెనడాలో ఆల్వారో మొరాలెస్ దీన్ని మొదలుపెట్టినప్పుడు వారానికోసారి ఆరు వారాలు ఇచ్చారు, ఇప్పటికీ ఆ ఆరు వారాల పద్ధతే మొదటి విడత. పొగ ఒంట్లో రోగనిరోధక శక్తిని గజిబిజి చేస్తుంది కాబట్టి తాగేవారికి బీసీజీ సరిగా పనిచేయదేమో అన్న అనుమానం సహజం. దీని మీద ఏకాభిప్రాయం లేదు. కొన్నిచోట్ల తాగేవారికి ఫలితం తగ్గినట్టు కనిపించింది. 2011లో స్లోన్ కెటరింగ్ వాళ్లు మాత్రం తమ బీసీజీ రోగుల్లో తాగేవారికీ తాగనివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. కాబట్టి 'మానకపోతే బీసీజీ వృథా' అని రోగిని బెదిరించడం సరికాదు. అలాంటి బెదిరింపు విని సరే వృథాయే కదా అని బీసీజీ కోర్సు మధ్యలో ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు, ఆ నష్టం ఇంకా పెద్దది.

మరి లాభం ఎక్కడ?

మానేసిన వెంటనే జరిగేది ఒకటి ఖాయం. కొత్త విషం రావడం ఆగిపోతుంది. 4-అమైనోబైఫినైల్ రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అతుక్కుని గుర్తులు వదులుతుంది. మానేసినవారిలో ఆ గుర్తులు వారాల్లో తగ్గడం మొదలై, పాత ఎర్రకణాలు పోయి కొత్తవి వచ్చే మూడు నాలుగు నెలల్లో తాగనివారి స్థాయికి దగ్గరవుతాయి. పాత 720 చెరగవు. కానీ ఏడాదికి 18 చొప్పున కొత్తవి పడవు. హై గ్రేడ్ గడ్డ వచ్చినవారికి అసలు భయం మళ్లీ చిన్న గడ్డ రావడం కాదు. అది కండరంలోకి దిగడం, అంటే మూత్రసంచే తీసేయాల్సి రావడం. 2013 అధ్యయనంలో పొగకు ఎక్కువ ముడిపడి కనిపించింది ఆ ముదరడమే.

జనాభా మొత్తం మీద చూసినా ఈ దిశే కనిపిస్తుంది. అమెరికాలో నాలుగున్నర లక్షల మందికి పైగా వివరాలతో 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, తాగుతున్నవారికి బ్లాడర్ క్యాన్సర్ ముప్పు ఎన్నడూ తాగనివారి కంటే నాలుగు రెట్లు, మానేసినవారికి రెండు రెట్ల పైచిలుకు. కేసుల్లో దాదాపు సగానికి పొగాకే కారణమని, ఇది మగవారికీ ఆడవారికీ ఒకటేనని తేల్చింది కూడా ఆ అధ్యయనమే. మానేసినా రెండు రెట్లు మిగిలింది. నాలుగు రెట్లు మాత్రం లేదు.

ఇంతసేపూ మూత్రసంచి దగ్గరే ఆగిపోయాం. తేలిక రకం బ్లాడర్ క్యాన్సర్ ఉన్నవారిలో ఆ క్యాన్సర్ వల్ల పోయేవారి కంటే గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో పోయేవారే ఎక్కువ. మూత్రసంచికి చేటు చేసిన పొగ గుండెను వదిలిపెట్టదు కదా. తిరగబెట్టిన ప్రతిసారీ ఆపరేషన్ టేబుల్ ఎక్కాలి, మత్తు తీసుకోవాలి. దగ్గుతో ఆయాసపడే ఛాతీకి అది తేలిక కాదు. మూత్రసంచి తీసేసే దాకా వస్తే అది గంటల తరబడి సాగే పెద్ద సర్జరీ, తాగేవారికి గాయం మానడం దగ్గర, ఊపిరి దగ్గర చిక్కులు ఎక్కువ. తిరగబెట్టడం అనే ఒక్క కొలబద్దతో కొలిస్తే ఇవేవీ లెక్కలోకి రావు. ఆ కొలబద్దని పట్టుకుని నెలల తరబడి తల పట్టుకున్నది నేనే, ఒప్పుకుంటున్నాను.

పెదనాన్నకి ఇదంతా ఆయన భాషలోనే చెప్పాను. పాత అప్పు మాఫీ కాదు, వడ్డీ పెరగడం ఆగుతుంది, పక్క ఖాతాల్లో నష్టం కూడా తగ్గుతుంది అని. ఆయన వెంటనే, "నాకిప్పుడు అరవై ఆరు. పదేళ్లు ఆగితే గానీ ఫలితం రాదన్నావు, అంటే డెబ్బై ఆరుకా?" అన్నారు. పదేళ్లనేది పరిశోధకులు లెక్క కోసం గీసుకున్న గీత. తొమ్మిదో ఏడు దాకా ఏమీ జరగకుండా పదో పుట్టినరోజున తలుపు తెరుచుకోదు. మేలు మెల్లగా పోగవుతుంది, గుండెకైతే చాలా ముందే మొదలవుతుంది.

యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా రోగి చేత పొగ మాన్పించమని, పక్కవాళ్ల పొగకు కూడా దూరంగా ఉంచమని చెబుతాయి. చిత్రమేమిటంటే, మానడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. 2012లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, కొత్తగా బ్లాడర్ క్యాన్సర్ అని తెలిసినవారు మామూలు పొగరాయుళ్ల కంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా మానేశారు. మానడానికి కారణం అడిగితే ఎక్కువగా చెప్పినవాటిలో యూరాలజిస్టు మాట ఒకటి. రెండు నిమిషాల మాట, కానీ చెప్పేది కెమెరాతో లోపల చూసిన మనిషి. ఓపీలో డాక్టరు దాని ఊసెత్తకపోతే మనమే ఎత్తాలి: "మానడానికి మందు రాసిస్తారా?" అని. వారెనిక్లిన్, బుప్రోపియాన్ చీటీ మీద ఇచ్చే మందులు. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా దొరుకుతుంది. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములది కావాల్సి రావచ్చు, అది డాక్టర్ని అడిగి తీసుకోవాలి. క్యాన్సర్ తెచ్చే అరోమాటిక్ అమీన్లు పొగలోవి, గమ్‌లో ఉండవు. క్యాన్సర్ రోగి నికోటిన్ గమ్ నమలడమేమిటని భయపడక్కర్లేదు. ఈ-సిగరెట్ల జోలికి మాత్రం వద్దు. మన దేశంలో 2019 నుంచి వాటి మీద నిషేధం ఉంది, అవి తాగేవారి మూత్రంలో ఇవే రకం రసాయనాల ఆనవాళ్లు కనిపించాయి కూడా. ప్రభుత్వ క్విట్ లైన్ నంబరు 1800-11-2356, ఖర్చు లేదు.

మొదటి వారం ఘోరంగా ఉంటుంది, ముఖ్యంగా మొదటి మూడు రోజులు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో అందరి మీదా అరవడం. మూడు నాలుగు వారాలకు నెమ్మదిస్తుంది. మొదటి స్కోపీ మూడు నెలలకు ఉంటుంది, అది శుభ్రంగా ఉండటం ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పే గట్టి గుర్తుల్లో ఒకటి. ఆ తేదీని గురి పెట్టుకుని మానడం మొదలుపెట్టినవాళ్లున్నారు. మా పెదనాన్న అలా పెట్టుకోలేదు. ఆపరేషనైన నెలన్నరకి, ఎవరికీ చెప్పకుండా, గమ్ తెప్పించుకున్నారు. నాలుగు రోజులు చూసి ఇది పనిచేయట్లేదని నా మీద కేకలేశారు. తీరా చూస్తే బబుల్ గమ్ లాగా గబగబా నమిలి మింగేస్తున్నారు. నాలుగుసార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గలో పెట్టి ఉంచాలి, చురుకు తగ్గితే మళ్లీ నమలాలి. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగా ఎక్కదు. టీ కూడా మానమంటే ఇక బతుకెందుకు అన్నారు. మానక్కర్లేదు, టీకీ గమ్‌కీ మధ్య పావుగంట ఎడం ఉంటే చాలు అని పెద్దమ్మ ఫ్రిజ్ మీద రాసి అంటించింది.